కదిలిన ఇద్దరు పిల్లలు

మా మేనత్త రేపల్లెలో ఒక్కతే ఉంటుంది. టీచరుగా చేసి రిటైరైంది. ఎనభై దాటినా ఆదివారం చర్చికి నడిచే వెళుతుంది. తెల్లవాళ్ళ కాలంలో ఒక దొర మా ప్రాంతాల్లో తిరిగి తీసిన ఫొటోలు ఏదో విదేశీ మ్యూజియంలో ఉన్నాయని, వాటి ప్రతులు బాపట్లలో ప్రదర్శనకు పెట్టారని నేనే ఆమెకు ఫోన్లో చెప్పాను. రేపల్లె మిషన్ బడి పిల్లల ఫొటో కూడా ఉందనగానే అత్త గొంతు మారిపోయింది.

"మా నాయనమ్మ ఆ బళ్ళోనే చదివిందే. దొర ఫొటో తీశాడని పోయేదాకా చెప్పేది. నన్ను తీసుకెళ్ళవే."

నేనుండేది తెనాలి. అత్త రేపల్లె బండి దిగేసరికి స్టేషన్లో ఉన్నాను. ఇద్దరం బాపట్ల రైలెక్కాం. పెళ్ళికి వెళుతున్నట్టు మంచి చీర కట్టుకుంది. దారి పొడుగునా వాళ్ళ నాయనమ్మ కబుర్లే. కెమెరా మీది నల్లగుడ్డలో తల దూర్చిన దొరను చూసి, అప్పటికి చిన్నపిల్ల, భయపడి మొహం తిప్పేసిందట. కదిలినందుకు పంతులమ్మ చెవి మెలేసిందట.

ప్రదర్శనలో ముందు ఆ ఫొటో దగ్గరికే వెళ్ళాం. వరండా మెట్ల మీద ఆడపిల్లలు, నూనె రాసి నున్నగా దువ్విన తలలు. కింద 'మిషన్ బడి బాలికలు, రేపల్లె' అని ఉంది, అంతే. కదిలిన పిల్ల కోసం వెతికాను. ఇద్దరున్నారు. వెనక వరసలో ఒకరు, ముందు వరసలో ఒకరు. చేతులు, పాదాలు స్పష్టంగా ఉన్నాయి. మొహాల చోట మసక.

అత్త కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. "ఇందులో నాయనమ్మ ఏదే?"

అక్కడ ఫొటోల గురించి చెబుతున్న అమ్మాయిని అడిగాను. పాపం, ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి కూడా చూపించింది.

"ఫొటో తీసిన దొర పేర్లు రాసుకోలేదండి. మొహం కదిలిపోయాక ఇంక ఏం చెయ్యలేం మామ్మగారూ."

అత్త ఆ పిల్ల దగ్గర కాసేపు, ఈ పిల్ల దగ్గర కాసేపు వంగి చూసింది. "నువ్వు చెప్పవే, ఎవరు మన పోలికలో ఉన్నారు?"

ఎవరో ఒకరిని చూపిస్తే ఆమె నమ్మేది. నా చెయ్యి లేవలేదు.

తిరుగు రైల్లో, నా ఫోన్లో తీసుకున్న ఆ ఫొటోను పెద్దది చేస్తూ కూర్చున్నాను. చుక్కలు తప్ప ఏమీ రాలేదు.

"చాల్లే, కళ్ళు పోతాయి," అంది అత్త. నిడుబ్రోలు దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"ఆవిడది ఇంకో ఫొటో లేదు కదే మనింట్లో?"

"లేదత్తా."