కుంకుడు రసంలో గిటారు

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. మాదేమో రాబర్ట్‌సన్‌పేట బజారులో చిన్న నగల అంగడి. పొద్దస్తమానం మెత్త మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడమే అక్కడ సగం పని. కాసేపటికే నా కాలు ఊగడం మొదలుపెట్టేది. "కాలు ఊపొద్దురా, లక్ష్మి నిలవదు," అనేవాడు నాయన తల ఎత్తకుండానే. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనక లక్ష్మి ఎలాగూ మా గడప తొక్కేది కాదు. అయినా నింద నా కాలిదే. మా ఊరి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయిన కాలం అది. షిఫ్టు సైరన్ మోగితే గనివాళ్లు లోపలికో, ఇంటికో, ఎక్కడికో ఒకచోటికి పోయేవాళ్లు. నాకు మాత్రం పొద్దునా సాయంత్రం అదే మెత్త.

ఆ రోజుల్లో నాకొక ఎలక్ట్రిక్ గిటారు ఉండేది. చాంపియన్ రీఫ్స్ గని కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఊరు వదిలిపోతూ సామాన్లు అమ్మేస్తుంటే కొన్నాను. దాని మెడ మేపుల్ చెక్క. వేళ్లు ఒత్తే ఫింగర్‌బోర్డూ అదే చెక్క. కొత్తలో తేనె రంగులో మెరిసేదట. నా చేతికి వచ్చేసరికి వార్నిషు అరిగిపోయి, మెడ మీది లోహపు మెట్ల మధ్య చెమటా మురికీ పేరుకుని, పెనం అడుగులా ఉండేది.

బంగారుపేటలో పెళ్లిళ్లకు పాడే ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. దాన్ని నడిపే పెద్దాయన ఒకసారి నా వాయింపు విన్నాడు. "చెయ్యి బాగుండాదిపా. శ్రావణానికి గిటారు వాయించే మావోడు ఒకడు మానేస్తాండాడు. వచ్చే ఆదివారం ఇంటికొచ్చి వాయించు, చూస్తాను. గిటారు మాత్రం శుభ్రం చేసుకోని రా. స్టేజీ మీద ఆ మసి చూస్తే పెండ్లోళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు.

ఆర్కెస్ట్రాలో చోటు దొరికితే ఊరూరా తిరగొచ్చు. ఆ మెత్త మీది నుంచి లేచిపోవడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే. ఆ వారమంతా తిన్నది ఒంటబట్టలేదు.

తీగలు తీసేసి, మరలు తిప్పి మెడను విడదీసి, వసారాలో కూర్చుని తడిగుడ్డతో రుద్దుతున్నాను. అంగడికి బయల్దేరిన నాయన ఆగాడు. కొన్న నాటి నుంచి ఆయన దాన్ని గిటారు అని కూడా అనలేదు, "ఆ కొయ్య" అనేవాడు. ఆ రోజు కాసేపు చూసి, "గుడ్డతో యాడ పోతుందిరా అది. కుంకుడు రసంలో వేసి బ్రష్షు కొట్టు," అన్నాడు.

మా అంగడిలో ఏ నగ మాసినా అంతే. వేడి కుంకుడు రసం, మెత్తటి బ్రష్షు, ఆఖర్న మంచినీళ్లు. ఏళ్ల తరబడి మెడలో మురికిపట్టిన గొలుసులు కూడా కొత్త పెళ్లికూతుళ్లలా బయటికి వచ్చేవి. మాసినదంటే మాకు కుంకుడు రసమే. ఇది బంగారమా, చెక్కా అని ఆలోచించాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. పైగా నాయన నా గిటారు కోసం ఒక మంచి మాట చెప్పడం అదే మొదలు. సంతోషంగా బేసినులో రసం కలిపి, మెడను నానబెట్టి, మెట్టు మెట్టుకూ బ్రష్షు కొట్టాను. నల్లటి నురగ వచ్చింది. కడిగితే చెక్క తళతళలాడింది. నాయన వంగి చూసి, "చూసినావా," అన్నాడు గర్వంగా.

మర్నాడు పొద్దున ముట్టుకుంటే దూడ నాలుకలా గరగరలాడింది. వార్నిషు లేనిచోట చెక్క నీళ్లు తాగి నూగు లేచింది. ఉన్నచోట తెల్లగా పొక్కి, గోరు తగిలితే పెచ్చులుగా ఊడి వస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. విసవిసా అంగడికి పోయి, గిరాకీ ముందే అడిగేశాను. "నేను పోయేది నీకిష్టం లేదంటే నోరు తెరిచి చెప్పాల్సింది గదా నాయనా. ఆ కొయ్యను చెడగొట్టేది ఎందుకు?"

ఆయన త్రాసులో గొలుసు తూచి గిరాకీకి బరువు చెప్పాడు.

ఇక మొత్తం గీకేసి మళ్లీ వార్నిషు పూయడం తప్ప గత్యంతరం లేదు. మెట్ల మీద టేపు అంటించి, ఉప్పు కాగితంతో చెక్క నున్నగా అయ్యేదాకా రుద్దాను. వార్నిషు అమ్మినాయన పల్చటి పూతలు వేయమన్నాడు, ఒకటి బాగా ఆరితేనే ఇంకొకటి వేయమన్నాడు. ఆషాఢం గాలికి గనుల పిండిమట్టి పోసిన సైనైడు దిబ్బల దుమ్ము ఊరంతా ఎగురుతోంది. తలుపులు మూసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి పూత పూశాను. తలుపు మూస్తే అది ఆరదు, తీస్తే దుమ్ము అంటుకుంటుంది. అంగడిలో కూర్చున్నా ధ్యాసంతా ఆ గదిలోనే. ఏదో ఒక వంక పెట్టుకుని ఇంటికి పరిగెత్తేవాణ్ణి. ముట్టుకోకూడదని తెలుసు. ముట్టుకున్నాను. బొటనవేలి ముద్ర పడింది. దాన్ని గీకి మళ్లీ పూశాను. మళ్లీ ముట్టుకున్నాను. నాయన ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి, "దాని మానాన దాన్ని ఉండనీరా," అన్నాడు. నువ్వు చెప్పిన సలహాలు చాలన్నాను. ఆయన వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున తాకి చూస్తే గట్టిగానే ఉందనిపించింది. ఉండాలని నా ఆత్రం. మెడ బిగించి, తీగలు కట్టి, రైలెక్కి బంగారుపేట పోయాను.

పెద్దాయన మేడ మీద గదిలో కూర్చోబెట్టాడు. గిటారును చూసి, "కొత్తదాని మాదిరి చేసినావే," అని మెచ్చుకున్నాడు. మొదట్లో బాగానే సాగింది. కాసేపటికి వేళ్ల వేడికి వార్నిషు మెత్తబడింది. ఎత్తిన ప్రతి వేలూ చెక్కకు అంటుకుని ఊడి వస్తోంది. పాట వేగం అందుకునే చోట వేళ్లు వెనకబడ్డాయి. వెనకబడ్డాయని ఇంకా తొందరపడ్డాను. చివరికి నాకే వినలేక ఆపేశాను.

ఆయన నా చెయ్యి తిప్పి చూశాడు. "చేతికి ఏం పూసుకోని వచ్చినావుపా?"

జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఇంగో నాలుగు దినాలు తాళలేకపోతివా? మాట చెప్పింటే నేనే ఆగింటాను గదా. ఇప్పుడు ఇంగొకాయన్ని రమ్మన్నాను, కింద కాచుకోనుండాడు," అన్నాడు.

కింద గిటారు సంచీ ఒళ్లో పెట్టుకున్న ఒకతను నాకు దారి ఇవ్వడానికి లేచి నిలబడ్డాడు. రైల్లో సీటు ఖాళీగానే ఉంది. అయినా కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడి వచ్చాను. ఏడుపొచ్చింది. గాలికి కళ్లలో దుమ్ము పడినట్టు నటించాను.

ఇంట్లో నాయన నా కోసమే ఎదురు చూస్తున్నట్టున్నాడు. "ఏమాయె?" అన్నాడు.

"కాలేదు."

ఆయన చెయ్యి చాచి గిటారు అడిగి తీసుకున్నాడు. నగను చూసినట్టే వెలుతురుకు తిప్పి చూశాడు. ఫింగర్‌బోర్డు నిండా నా వేళ్ల గుంటలు. "ఇదంతా నావల్లనే గదా?" అన్నాడు మెల్లగా.

"కాదు నాయనా. ఈ గుంటలు నావే."

ఆయన గిటారును గోడకు ఆనించాడు. "రేపట్నుంచి అంగడికి రావద్దులే. ఆషాఢంలో నేనొక్కణ్ణే చూసుకుంటాను. దీన్ని నిదానంగా బాగుచేసుకో. కూర్చోని వాయించు. వాయించేది కుదిరిందంటే ఇంగ ఎప్పుడూ రానే వద్దు," అన్నాడు.

ఎన్నేళ్లుగానో ఆ మాట కోసం కాచుకున్నాను. వినగానే భయం వేసింది. ఇన్నాళ్లూ నా వాయింపులో ఏ లోపం ఉన్నా అంగడి మీద తోసేసేవాణ్ణి. మర్నాడు పొద్దున నాయన తాళాలు తీసుకుని ఒక్కడే బయల్దేరాడు. నేను గుమ్మంలో నిలబడి, "ఈ పూటకు నేనూ వస్తాను నాయనా," అన్నాను.

ఆయన వెనక్కి తిరగకుండానే, "వద్దు," అన్నాడు.