కుంట గట్టున రెండు సంఘాలు

మా ఇంట్లో దేవుడు ఒక్కడే గాని చర్చిలు రెండు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చాను. పసిబిడ్డగా ఉన్నప్పుడే పాత మిషను చర్చిలో తల మీద నీళ్లు చల్లి నాకు బాప్తిస్మం ఇచ్చారు. మా అత్తమ్మది పాలమూరు. నడివయసులో చెరువులో మునిగి బాప్తిస్మం తీసుకున్న మనిషి. చల్లిన నీళ్లు లెక్కలోకి రావని ఆమె నమ్మకం. ఆ మాట నా ముఖం మీద ఎప్పుడూ అనలేదు, పక్కింటావిడతో అంటుండగా విన్నాను.

పుప్పాలగూడలో మేముండే వీధి చివర ఆమె వెళ్లే మందిరం, నేను వెళ్లే చర్చి పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో ప్రహరీ గోడ. వాళ్ల డప్పులూ మైకూ మా ప్రసంగాన్ని మింగేస్తాయని మావాళ్ల ఫిర్యాదు. మా కార్లు వాళ్ల గేటుకు అడ్డం పెడతామని వాళ్ల ఫిర్యాదు. ఏడాదికోసారి ఐక్య ప్రార్థనలని పెట్టుకుని, ఒకరి బిస్కెట్లు ఒకరు తిని, ఎవరి దారిన వాళ్లం వెళ్లేవాళ్లం.

రెండింటి వెనకా ఒక కుంట. దాని పక్కన అపార్ట్‌మెంట్ టవర్లు లేస్తున్నాయి. వాటిని కట్టే కూలీల రేకుల షెడ్లు కుంట అంచునే ఉండేవి. కుంట నిండితే నీళ్లు పోయే నాలాను ఆ ఏడు ఎండాకాలంలో మట్టి, పగిలిన కాంక్రీటు పోసి పూడ్చేశారు. లారీలు వచ్చిపోవడం వీధిలో అందరం చూశాం. ఎవరివో మాకు తెలియదు.

వానాకాలంలో ఒక శనివారం పట్టిన వాన ఆదివారం పొద్దునకు కూడా వదల్లేదు. మా చర్చిలో ఆరాధన జరుగుతోంది. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి మా పాస్టరు అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ తీస్తున్నారు. అప్పుడు అత్తమ్మ మోకాళ్ల దాకా బురదతో గుమ్మంలో నిలబడి నన్ను చేత్తో పిలిచింది. అన్నేళ్లలో ఆమె ఆ గడప దాకా వచ్చింది లేదు.

షెడ్లు మునిగాయని, తమ మందిరంలోకి కూడా నీళ్లొచ్చాయని చెప్పింది. “మీ గుడి మిట్ట మీద ఉన్నది గద బిడ్డా. పిల్లతల్లులు వానల నిలబడ్డరు. మీ అయ్యగారిని అడుగు.”

నేను ముందుకు నడిచి చెప్పాను. మా కమిటీ కార్యదర్శి లేచారు. ఆయన ఇంజనీరు, పద్ధతి మనిషి. ఆరాధన ముగియనివ్వమన్నారు, కమిటీలో మాట్లాడదామన్నారు, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదని అడిగారు. అయ్యగారు కాసేపు రొట్టె పళ్లెం వైపు చూశారు. తర్వాత తెల్లగుడ్డ మళ్లీ కప్పేసి, “బెంచీలు గోడకి జరపండి,” అన్నారు. ఆ ఆదివారం మా చర్చిలో ప్రభు భోజనం జరగలేదు.

కూలీల కుటుంబాలు మూటలతో, గ్యాస్ స్టవ్‌లతో, గంపల్లో కోళ్లతో వచ్చాయి. గోడ అవతలి పాస్టరుగారు, ఆయన వెంట డప్పు వాయించే మనుషులు బియ్యమూ పెద్ద గిన్నెలూ మోసుకొచ్చారు. మా వరండాలో అన్నం ఉడికింది. మా ఆడవాళ్లు ఇళ్లకెళ్లి దుప్పట్లు, పొడిబట్టలు తెచ్చారు.

సాయంత్రం ఒక గొడవ జరిగింది. మందిరం పెద్ద ఒకాయన కూలీలకు కరపత్రాలు పంచి, ప్రార్థనకు కూర్చోమన్నాడు. చంకలో పసిబిడ్డతో ఉన్న ఒకామె, కూర్చోకపోతే వెళ్లిపోవాలా అని అత్తమ్మను మెల్లగా అడిగింది. ఆమె తన దేవుడి పటాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కొంగులో చుట్టి పట్టుకుంది. అత్తమ్మ ఎంతోమందిని మందిరానికి తీసుకొచ్చిన మనిషి. ఏమంటుందోనని చూస్తూ నిలబడ్డాను.

“ఎవ్వలూ పొమ్మనరు. తినుండ్రి, పండుండ్రి. ప్రార్థన మాది, మీకెందుకు ఫికర్?” అంది. ఆ పటాన్ని తడి తగలకుండా కిటికీ గట్టు మీద పెట్టించింది. పెద్దాయన దగ్గరికెళ్లి మిగిలిన కరపత్రాలు అడిగి తీసుకుంది. ఆయన కోపంగా పాస్టరుగారితో చెప్పాడు. పాస్టరుగారు చాలాసేపు ఆలోచించి, అన్నం పెట్టి దానికి బదులు అడగకూడదన్నారు. పక్కనే ఉన్న మా అయ్యగారు తల ఊపారు. వాళ్లిద్దరికీ ఒక విషయంలో మాట కుదరడం నేనెప్పుడూ చూడలేదు.

వాన తెరిపిచ్చినా నీళ్లు తగ్గలేదు. రెండు సంఘాల పెద్దలూ కూలీల్లో కొందరూ మా చర్చిలోనే కూర్చున్నారు. లోగడ నాలా గురించి ఎవరికి వారు మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే, చూస్తామని చెప్పి పంపేశారు. ఈసారి అందరూ కలిసి వెళ్లాలనుకున్నారు. మాటల మధ్యలో అత్తమ్మ కార్యదర్శిగారి వైపు తిరిగింది.

“సారూ, నాలాల మట్టి ఎవలు పోసిండ్రో మీకు ఎరుకేనా?”

ఇంజనీరు గనక తెలిసి ఉంటుందని మామూలుగానే అడిగింది. ఆయన ఫోను చూసుకుంటూ బయటికి వెళ్లిపోయారు.

మర్నాడు మేము మున్సిపల్ ఆఫీసులో ఉండగా కార్యదర్శిగారు ఒక్కరే వచ్చారు. ఆ పూడిక ఎవరిదో ముందు తేలాలి గదా అని అధికారి అంటుంటే, “కుంట పక్కన టవర్లు కట్టే మా సైటుదేనండి. లారీలు పంపింది నేనే. దూరం తీసుకెళ్లలేక ఇక్కడే పోయించాను,” అన్నారు. ఆయన చొక్కా వీపంతా చెమటకు తడిసిపోయింది. మా అయ్యగారు లేచి తన కుర్చీ ఆయనకు జరిపారు.

ఆ వారంలోనే జేసీబీ వచ్చి నాలా తవ్వింది. నీళ్లు కదిలాయి. కూలీలు మళ్లీ మళ్లీ అడిగాక కంపెనీ వాళ్ల షెడ్లను మిట్ట మీదికి మార్చింది. కుంట మాత్రం బాగుపడలేదు. అపార్ట్‌మెంట్ల మురుగు ఇంకా అందులోకే వస్తోంది. దానికోసం రెండు సంఘాలూ ఇప్పటికీ కలిసే తిరుగుతున్నాయి. ప్రభు భోజనం మాత్రం ఎవరిది వారిదే. అందులో ఎవరూ మెత్తబడలేదు.

కార్యదర్శిగారిని కంపెనీ కూకట్‌పల్లి అవతల ఇంకో సైటుకు పంపింది. అయ్యగారు వద్దన్నా ఆయన కమిటీ నుంచి తప్పుకున్నారు. ఆదివారాలు అంత దూరం నుంచీ వస్తారు, వెనక బెంచీలో కూర్చుంటారు. మొన్న ఆరాధన అయ్యాక అత్తమ్మ నాకోసం వస్తే, ఆయనే దగ్గరికొచ్చి పలకరించారు. కొత్త సైటు పక్కన కూడా ఒక నాలా ఉందని, దాని గురించి లారీల వాళ్లతో రోజూ తగాదాయేనని చెప్పారు.

“మట్టి పొయ్యలే గద ఇంక?” అంది అత్తమ్మ.

“ఇప్పటిదాకా పోయనివ్వలేదండి,” అన్నారాయన.