రక్కమ్మాళ్ బంతి వరసలు

పీళమేడు దగ్గరి ఒక నూలు మిల్లులో రక్కమ్మాళ్ తోటపని చేసేది. 1950ల నాటి మాట. భర్త పోయాక చేరిన పని అది. గేటు నుంచి షెడ్డు దాకా కార్మికులు నడిచే సన్న దారి పక్కన ఒక వరస, ఆఫీసు ముందు ఒక వరస, ఏటా బంతి నాటేది. ఆయుధపూజకు మిషన్లకు కట్టే దండలు ఆ పువ్వులతోనే.

ఆ ఏడు పూజనాటికి ఆఫీసు ముందరివి నడుమెత్తు పెరిగి విరగబూశాయి. దారి పక్కవి మోకాలు దాటలేదు, మొగ్గలోనే ఉన్నాయి. మేస్త్రీ దేవరాజన్ ఆమెను పిలిపించాడు.

"ఏం రక్కమ్మా, పెద్దోళ్లు సూసే పక్కకే నీళ్లు పోస్తుండావా?"

"లేదు సామీ. రెండు పక్కలకూ ఒకే కొడంతో పోస్తుండాను. నారూ ఒకటే, నాటిన దినమూ ఒకటే."

"అట్లయితే ఇవి మాత్రం ఏల గిడసబారె? మళ్లీ ఇట్లయితే వేరే ఆళ్లను పెట్టుకుంటా."

రక్కమ్మాళ్ మర్నాడు సైరన్ కూసే వేళకు దారి పక్కనే కూర్చుంది. షిఫ్టుకు పోయే ఆడవాళ్ల చీరలు మొక్కలకు రాసుకుంటున్నాయి. నూలు చుట్టే కమలం అయితే ప్రతి మొక్క తలా నిమురుతూ పోయింది. సాయంత్రమూ అంతే.

రక్కమ్మాళ్ అక్కడే ఇరవై కొత్త మొక్కలు నాటి, పదింటి చుట్టూ తాడు కట్టింది. నెల తిరిగేసరికి తాడు లోపలివి మిగతావాటి కంటే జానెడు ఎత్తు పెరిగాయి. బయటివి పొట్టిగా, లావు కాడలతో నిలిచాయి.

దేవరాజన్ వచ్చి చూశాడు. "నీ తప్పు లేదు. ఇంక దారంతా తాడు కట్టెయ్. ఎవురూ తాకకూడదు."

కట్టింది. కమలం అక్కడ ఆగి, "ఏం అక్కా, మా చెయ్యి తగిల్తే సెడిపోతాయా?" అని అడిగింది. రక్కమ్మాళ్ నేరుగా మేస్త్రీ దగ్గరికి పోయింది.

"సామీ, తాకితే సచ్చిపోయేది లేదు. పొట్టిగా పెరిగి, రెండు వారాలు ఆలస్యంగా పూస్తాయి, అంతే. ఆ పక్క నారు రెండు వారాలు ముందే పోస్తాను. తాడు ఇప్పెయ్యనీ."

"పూయకుంటే?"

"అప్పుడు నన్ను పొమ్మను."

మరుసటి ఏడు పూజకు రెండు వరసలూ ఒకేసారి పూశాయి. ఇంకో పదకొండేళ్లు ఆమె అక్కడే పనిచేసింది. మానేసేటప్పుడు, తన పనిలోకి వచ్చిన వాసుకికి ఏ పక్క నారు ఎప్పుడు పోయాలో చెప్పింది.

"ఏల అట్లా?" అంది వాసుకి.

"తాకేది సెట్టుకు తెలుస్తాది తల్లీ. పైకి పోయే బలమంతా కాడలో పెట్టుకుంటాది."