ఏడిపించే గోలీ

కామారెడ్డి కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో క్లినికల్ సైకాలజిస్టుగా నన్ను అక్కడికి వేశారు. హోదా పేరు పొడుగు, గది మాత్రం ఇరుకు. సైకియాట్రిస్టు మందులు రాస్తారు. సైకాలజిస్టుకు ఆ అధికారం లేదు, మాట్లాడే నయం చేయాలి. నేను డాక్టరును కాదు బాబూ అని జనానికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది. గంటసేపు మాట్లాడి ఒక్క గోలీ కూడా రాయకుండా పంపేవాణ్ణి వాళ్లు అసలు లెక్కలోకి తీసుకునేవారు కాదు.

గురువారాలు ఎల్లారెడ్డిలో క్లినిక్. ఒక గురువారం అక్కడి బజారులో గాజుల దుకాణం నడిపే ఖాదర్ సాబ్ వచ్చాడు. నెల కిందట ఆయన ఒక్కగానొక్క కొడుకు భిక్నూర్ దగ్గర హైవే మీద బైకు ప్రమాదంలో పోయాడు. ఆయన వచ్చింది మాత్రం కోడలు షాహీన్ గురించి.

"మా బహు ఏడుస్తలేదు సార్. ఒక్క చుక్క కన్నీళ్లు రాలే. దిమాగ్ ఖరాబైందని చుట్టాలంతా అంటున్నరు. ఏడిపించే గోలీ ఏమన్న ఉంటే రాయుండ్రి."

ఏడుపు ఆపే గోలీ అడిగినవాళ్లు నా సర్వీసులో కోకొల్లలు. ఏడిపించే గోలీ అడిగింది ఆయనొక్కడే. నవ్వాపుకున్నాను, ఎందుకంటే సంగతి చిన్నది కాదు. షాహీన్‌ను హైదరాబాదులో పిచ్చాసుపత్రిలో చేర్పించాలనీ, ఇద్దరు పిల్లలను తలా ఒకరిని తీసుకుపోవాలనీ చుట్టాలు అప్పటికే తీర్మానం చేసేశారు.

ఆమెను తీసుకురమ్మన్నాను. ఇద్దత్‌లో ఉందన్నాడు. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా, పరాయి మగవాళ్ల ఎదుట పడకుండా ఉండే గడువు అది. డాక్టరు దగ్గరికైతే రావచ్చు కదా అన్నాను.

"డాక్టర్ కాదని మీరే అంటిరి గద సార్" అన్నాడు.

నేనే వాళ్లింటికి వెళ్లాను.

మా విద్యలో సగం ఎదుటి మనిషిని చూడడమే. చూపు ఎక్కడుంది, వేళ్లు ఏం చేస్తున్నాయి అన్నవి నోటికంటే ముందు చెబుతాయి. నాకు చూడడానికి దొరికింది ఒక పూల దుప్పటి. దాన్ని గుమ్మానికి అడ్డంగా కట్టి, అవతల అత్తాకోడళ్లను కూర్చోబెట్టారు. నేను అడగాలి, షాహీన్ గుసగుసగా చెప్పాలి, అత్త మహబూబ్ బీ దాన్ని పైకి వినిపించాలి.

పేరు, చదువు, పిల్లల సంగతులు అలాగే నడిచాయి. ప్రతి ప్రశ్నకూ కాసేపు గుసగుస, ఆ తర్వాత జవాబు. ఇంతలో ఎక్కడో కుట్టుమిషన్ చప్పుడు మొదలైంది. పక్కింట్లో అనుకున్నాను. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే ప్రశ్నలు తీశాను. చిత్రంగా ఇప్పుడు జవాబులు వెంటవెంటనే వస్తున్నాయి. నిద్ర లేదు. ముద్ద గొంతు దిగదు. తప్పంతా తనదే అనిపిస్తుంది. రోగికి మన మీద నమ్మకం కుదరడాన్ని మేం రాపో అంటాం. దుప్పటి అడ్డమున్నా రాపో కుదిర్చిన మొనగాణ్ణి నేనేనని లోలోపల మురిసిపోయాను.

చివరి ప్రశ్న చావు గురించి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తవాళ్లు దాన్ని నసిగి వదిలేస్తారు. అడిగినంత మాత్రాన పుట్టదు. సూటిగా అడగాలి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా అని అడిగాను.

"వస్తది."

ఏమని వస్తుందన్నాను.

"నా కొడుకు పక్కకు నాకు జాగ ఉంటదా అని."

నాకు భయం వేసింది. అవతల ఎవరున్నారని అడిగాను.

"నేనొక్కదాన్నే సార్. బహు లేసి పోయి బట్టలు కుడుతున్నది. మీరు అడుగుతనే ఉంటిరి. ఇన్నొద్దులల్ల నన్నెవ్వరు అడగలే. అందుకే చెప్పిన."

బయటికి రమ్మన్నాను. దుప్పటి పక్కకు జరిపి వచ్చి కూర్చుంది. ఏళ్ల తరబడి బజారులో కూర్చుని గాజులు అమ్మిన మనిషి, ఆమెకు నా ముందు ఏ పరదా అక్కర్లేదు. నెల నుంచీ కోడలిని ఓదార్చడానికి వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టింది ఈమే. ప్రమాదం జరిగిన రోజు సరుకు తెమ్మని కొడుకును పంపిందీ ఈమే.

ఇలాంటప్పుడు పద్ధతి ఒకటే. రాత్రీ పగలూ ఆమెను ఒంటరిగా వదలొద్దని ఖాదర్ సాబ్‌కు గట్టిగా చెప్పి, మర్నాడే కామారెడ్డిలో సైకియాట్రిస్టుకు చూపించాను. మందులు మొదలయ్యాక వారం వారం నా దగ్గరికి వచ్చేది. కొడుకు పోయిన రోజు జరిగింది పొద్దుటి నుంచి వరసగా చెప్పించేవాణ్ణి. ప్రతిసారీ "నేనే పంపిన" దగ్గర ఆగిపోయేది. నీ తప్పు లేదని ఓదార్చలేదు. ఆ మాట ఊరంతా చెబుతుంది, ఎవరూ నమ్మరు. పంపేటప్పుడు నీకు ఏం తెలుసని అడిగేవాణ్ణి. "బండి మంచిగున్నది. వాడు నవ్వుకుంట పోయిండు" అనేది. అప్పుడు తెలిసిందానికీ తర్వాత తెలిసిందానికీ తేడా ఆమెకు తట్టడానికి చాలా వారాలు పట్టింది. ఆ తర్వాత రోజూ ఒక పూట దుకాణం తెరవడం మొదలుపెట్టింది.

షాహీన్ విషయం మొదటి రోజే తేలింది. ఏడవకపోవడం జబ్బు కాదని నేను ఖాదర్ సాబ్‌కు వివరిస్తుంటే మిషన్ ఆగింది. దుప్పటి అవతల నుంచి మొదటిసారి ఆమె గొంతు వినిపించింది.

"ఏడుపొచ్చినప్పుడు మిషన్ జోరుగ తొక్కుత సార్. అత్తమ్మకు ఇనరాదు."

హైదరాబాదు మాట మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

రిటైరయ్యే దాకా ఒక అలవాటు పాటించాను. రోగి అంటూ ఎవరినైనా తీసుకొస్తే, తీసుకొచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి, మీకు నిద్ర పడుతోందా అని అడిగేవాణ్ణి. చాలామంది కోప్పడ్డారు. మిగతావాళ్ల పేరు మీద ఇంకో ఓపీ చీటీ రాయించాల్సి వచ్చింది.