చప్పుడు మారింది అన్న మా సమ్మయ్య కాక

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ అవుతుంటే చిన్నమ్మ ఫోన్.

"కాక లేస్తలేడు బిడ్డా..."

గోదావరిఖని చేరేసరికి ఇంటి ముందు టెంట్ వేసేశారు. నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు.

సమ్మయ్య కాక మా నాన్నకు తమ్ముడు. బొగ్గుబాయిలో హాలేజీ ఆపరేటర్. బొగ్గు నింపిన టబ్బుల్ని పట్టాల మీద లాగే ఉక్కు తాడును నడపడం ఆయన డ్యూటీ. ఆ తాడు ఆగకుండా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఎండ్‌లెస్ రోప్ అంటారు.

నేను ఇంగ్లిష్ టీచర్ అయిన కొత్తలో కాక ముందు పెద్ద పోజు కొట్టాను. ఎండ్‌లెస్ అంటే అంతం లేనిది కాకా, ఆకాశం లాగా అని.

కాక నవ్వలేదు.

"గట్ల అనుకున్నోళ్లే సస్తరు బిడ్డా. మా తాడుకు రెండు కొసలుంటయ్. రెండూ కలిపి అల్లుతం, గంతే. గా జాయింట్ కండ్లకు కనవడదు. తెగితే గాడనే తెగుతది."

అందుకే రోజూ షిఫ్టు ఎక్కగానే ఆ జాయింట్‌ను చేత్తో తడిమి చూసేవాడు. తర్వాత దాని చప్పుడు వింటూ కూర్చునేవాడు.

ఒకసారి ప్రొడక్షన్ మధ్యలో రోప్ ఆపేశాడు. పై ఆఫీసర్ వచ్చి తిట్టిపోశాడు.

"చప్పుడు మారింది సార్" అన్నాడు కాక. స్విచ్ దగ్గర నుంచి కదల్లేదు.

వెళ్లి చూస్తే జాయింట్ దగ్గర తీగలు విచ్చుకుని ఉన్నాయి. ఆ దారిలోనే సెకండ్ షిఫ్టు వాళ్లు నడిచి వస్తున్నారు. తాడు తెగితే టబ్బులు వాళ్ల మీదికే వచ్చేవి. వాళ్లలో మా నాన్న ఉన్నాడు.

రిటైర్ అయ్యాక కూడా అంతే. ఫ్యాన్, నీళ్ల మోటార్, నా స్కూటీ, అన్నిటికీ చెవి పెట్టేవాడు. ఇంటిల్లిపాదీ ఆటపట్టించేవాళ్లం.

పోయిన ఆదివారం వెళ్లాను. అన్నం తింటూ తింటూ ఆగిపోయాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"బిడ్డా, చప్పుడు మారింది."

నేను నవ్వాను. "నీ చప్పుళ్ల ముచ్చట ఎండ్‌లెస్ కాకా" అన్నాను. బస్సు టైమ్ అయిందని వచ్చేశాను.

చిన్నమ్మకు చెప్పలేదట. ఎవరికీ చెప్పలేదట. నాకు ఒక్కదానికే చెప్పాడు.

దవాఖానకు పోదాం పద అని ఒక్క మాట అనలేకపోయాను. నిన్నటి నుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇది చదివేవాళ్లు, మీ ఇంట్లో పెద్దవాళ్లు గిట్ల ఏమన్నా అంటే నవ్వకండి. ఆగి వినండి.

పోయిరా కాకా. ఇక ఏ చప్పుడుకూ చెవి పెట్టకు. ప్రశాంతంగా పడుకో.