పెద్దాయనను అడగండి

మార్కాపురం చరిత్ర రాసేవాళ్లు పలకల దగ్గర మొదలుపెట్టి పలకల దగ్గరే ఆపేస్తారు. నరసింహులు టీకి లేచే వేళల ప్రస్తావన ఎక్కడా రాదు. ఇది సరిదిద్దవలసిన లోపం.

నరసింహులు నెట్ సెంటర్‌లో ఎనిమిది కంప్యూటర్లు. టీకి లేచేముందు ఆయన తన సీట్లోంచే ఒక్క మీట నొక్కి ఎనిమిది తెరలకూ లాక్ వేస్తాడు. ఒకసారి ఆయన లేనప్పుడు ఒకరి దరఖాస్తులోకి ఇంకొకరి ఫోటో ఎక్కింది. ఆనాటి నుంచి ఈ శాసనం అమల్లో ఉంది. మొదట్లో లాకైన తెర మీద "నిర్వాహకుణ్ణి సంప్రదించండి" అని వచ్చేది. "నిర్వాహకుడంటే ఎవరన్నా?" అని అందరూ ఆయన్నే అడిగేవారు. విసిగి, "పెద్దాయనను అడగండి" అని మార్చాడు. నలభై రెండేళ్లకే ఆ వీధికి పెద్దాయన ఆయనే.

మొన్న జూన్‌లో తర్లుపాడు నుంచి వచ్చిన సుబ్బులుకు ఈ సంగతి తెలియదు. నర్సింగ్ కోర్సు దరఖాస్తుకు సాయంత్రం ఐదింటితో గడువు సరి. విజయవాడ అంటే నాయన ఒప్పుకోడని ఇంట్లో చెప్పకుండా వచ్చింది. నాలుగున్నరకు, సగం నింపాక, తెర నల్లబడి పెద్దాయనను అడగమంది.

ఇంట్లో చెప్పకుండా వచ్చిన సంగతి కంప్యూటర్‌కు తెలిసిపోయిందనుకుంది సుబ్బులు. ఇంటికి పెద్దాయన నాయనే కదా అని ఆయనకే ఫోన్ చేసింది. అవతల గొర్రెల అరుపులు.

"నాయనా, నర్సింగు చదువుకు అప్లికేషన్ పెడతాండా. సగంలో ఆపి, నిన్ను అడగమంటాంది."

"ఎవరు?"

"కంప్యూటరు."

"నేను దానికెట్ల తెలుసు?"

"పేరు రాయలా. పెద్దాయన అంటాంది."

నాయన గొర్రెల్ని ఒకసారి అదిలించాడు.

"ఏ ఊళ్లో చదువు?"

"విజయవాడ."

"హాస్టలుందా?"

"ఉంది నాయనా."

"నువ్వు అడగలా. అదన్నా మర్యాదగా అడిగింది. సరేనన్నానని చెప్పు దానికి."

"సరేనన్నాడు" అని సుబ్బులు తెరతో చెప్పింది. సరిగ్గా అప్పుడే నరసింహులు టీ తాగి వచ్చి, తన సీట్లో కూర్చుని లాక్ తీశాడు. తెర వెలిగింది.

"నాయనా, ఒప్పుకుంది!" అంది ఫోన్లో.

"ఎవరమ్మా ఒప్పుకుంది?" అన్నాడు నరసింహులు.

"ఇంట్లో, అన్నా."

"మంచిది. బిరీన కానియ్, టైమైపోతాంది."

నాలుగూ యాభై రెండుకు దరఖాస్తు వెళ్లిపోయింది. అందులో తండ్రి అనుమతికి గడి లేదు. తండ్రి పేరుకు ఉంది.