అన్న పంచనన్న ఎర్ర చేపలు

మా అన్న పెనెహె అంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. నోరు తెరిస్తే సొర పళ్లే. ముప్పై ఏళ్లు ఊరికి చేపలు పంచాడు గానీ, ఒక్కనాడూ ఎవరికీ ఒక్క చేప ఎక్కువ వేసిన పాపాన పోలేదు. మా టోకెలావు దీవుల్లో పడవ ఎవరిదైనా, వల ఎవరిదైనా, ఒడ్డుకొచ్చిన చేప ఊరిది. గుట్ట పోస్తారు, పంచేవాడు ఇంటింటి తలలు చూసి కుప్పలు పెడతాడు. "ఇంకోటి వెయ్యి బావా" అని ఎవరైనా నవ్వుతూ అడిగితే, "ఇంకొకణ్ణి కను, వేస్తా" అనేవాడు.

ఓడలకు దారి కావాలని పడమటి వైపు పగడపు దిబ్బను పేల్చి అప్పటికి ఏడాదిన్నర. చచ్చిన పగడం మీద గోధుమరంగు నాచు పట్టింది. చిలకమూతి చేపలు ఆ నాచు గీక్కు తింటాయి, వాటిని పెద్ద ఎర్ర చేపలు మింగుతాయి. విషం అలా పైకెక్కుతుందని మా అన్న వాదన. చూస్తే తెలియదు, వాసన రాదు, ఉడికించినా పోదు అనేవాడు. అక్కడ పట్టిన పాముచేప కాలేయం తన పిల్లికి పెట్టి చూశాడు, పిల్లి చచ్చింది. "ఆ పిల్లికి నీకంటే వయసెక్కువ" అని ఊరు నవ్వింది. నేనూ నవ్వాను.

గాలివానకి పది రోజులు పడవలు కదల్లేదు. ఊరంతా కొబ్బరి నములుతూ కూర్చుంది. పదకొండో రోజు మా ఆయన మనుయేలె ఆ పడమటి దారిలోనే ఇరవై ఎర్ర చేపలు పట్టుకొచ్చాడు, ఒక్కొక్కటి చంటిపిల్లంత. పెనెహె గుట్ట చుట్టూ ఓసారి తిరిగాడు.

"ఇవి పంచను. పారబోయండి."

"ఏం బావా, నేను పట్టినవనా?"

"పడమర పట్టినవని."

"పారబోసినవన్నీ నీ పెరట్లోకే పోతున్నాయని ఊరికి తెలుసులే!" అన్నాడు మా ఆయన.

నిజానికి అంతకుముందు పంచకుండా తీసేసిన పడమటి చేపల్ని కుక్కలు తినకుండా పెరట్లో పూడ్చిపెట్టేవాడు. జనం చూసింది పొలుసులే. గుట్ట మీద పడ్డ చేపను దొంగిలించాడనడం కంటే మా దగ్గర పెద్ద తిట్టు లేదు. పెనెహె కత్తి పట్టుకుని మా ఆయన మీదికి వచ్చాడు, నలుగురు అడ్డం పడ్డారు. పెద్దలు అక్కడికక్కడే పంపకం అన్న చేతిలోంచి తీసి మా ఆయనకు అప్పగించారు. తోడబుట్టినదాన్నే, చప్పట్లు కొట్టాను.

మొదటి వాటా మా అమ్మకు వేశారు, ఊళ్లో అందరికంటే పెద్దదని. మాలో ఇల్లు ఆడదానిది, అమ్మ నా దగ్గరే ఉండేది. పెళ్లయిన అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంట్లోకి పిలవందే అడుగుపెట్టరు, ఇల్లు తగలబడుతున్నా సరే. కొబ్బరిపాలలో ముక్కలు ఉడికించి దించేసరికి పెనెహె గుమ్మం బయట నిలబడి ఉన్నాడు.

"లెపెకా, మీరు తిని చావండి, మీ ఇష్టం. అమ్మకి మాత్రం పెట్టకు."

"పంపకం పోయిందని కుళ్లుకుంటున్నావా?"

"పెట్టకే. బతిమాలుతున్నా."

ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అయినా కరగలేదు. లోపల్నుంచి అమ్మ, "ఎవరే? వాడేనా?" అంది.

"నీ నోటి దగ్గర కూడు లాక్కోవడానికొచ్చాడమ్మా నీ కొడుకు. నువ్వు తిను" అన్నాను. ఆయన చూస్తుండగానే తల ముక్క, అన్నిటికంటే కొవ్వున్నది, అమ్మ నోట్లో పెట్టాను. ప్రేమతో కాదు, కడుపుమంటతో పెట్టాను. ఇప్పుడు దాచి ఏం లాభం? ఆయన గుమ్మపు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

సాయంత్రానికి తిన్నవాళ్లందరికీ పెదాలు తిమ్మిరెక్కాయి. చన్నీళ్లు తాగితే గొంతులో నిప్పు పోసినట్టు కాలింది. ఊళ్లో సగం మందికి వాంతులు. మా ఆయన ఇసుకలో దొర్లుతూ ఒళ్లంతా గోక్కుని ఏడ్చాడు. రెండు రోజులకు అందరం లేచాం. అమ్మ లేవలేదు. మూడోరోజు పొద్దున పోయింది.

ఇల్లు జనంతో నిండిపోయింది. పెనెహె వచ్చి మొన్న నిలబడ్డ చోటే నిలబడ్డాడు. కన్నతల్లి పది అడుగుల దూరంలో చాప మీద ఉంది. ఏడుపులు ఆగి అందరూ నా వైపు చూశారు. పిలవాల్సింది నేను. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో ఆయన్ని చూస్తే నాకు అసహ్యం వేసింది. ఆయనది తప్పయి ఉంటే అంత అసహ్యం వేసేది కాదు. కాళ్లీడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్లాను.

"లోపలికి రా అన్నయ్యా."

"మొన్న పిలిచుంటే ఆ పళ్లెం తన్నేసేవాణ్ణి" అన్నాడు. నన్ను దాటుకుని వెళ్లి అమ్మ పక్కన కూలబడ్డాడు.